మరింబాకు సొంత సంగీతం: ఒక ఏకవాద్య కచేరీ చరిత్ర



1968 అక్టోబరు 4న టోక్యో నగరంలో కేకో అబే అనే 31 ఏళ్ల కళాకారిణి ఒక కచేరీ చేశారు. ఆమె వాయించిన వాద్యం మరింబా. వరసగా పేర్చిన చెక్క పలకలను పుల్లలతో కొట్టి వాయించే వాద్యమిది. ఆ సాయంత్రం వినిపించిన రచనలన్నీ మరింబాను దృష్టిలో పెట్టుకుని జపాన్ స్వరకర్తలు కొత్తగా రాసినవే. వాటిలో చాలావరకు ఆ ఏడాదిలోనే పుట్టాయి. పియానో కోసమో వయొలిన్ కోసమో రాసిన పాత సంగీతాన్ని అరువు తెచ్చుకోకుండా, తనకోసమే పుట్టిన సంగీతంతో మరింబా ఒక పూర్తి కచేరీని నిలబెట్టింది. పాశ్చాత్య సంగీత చరిత్రలో ఇది ఒక మైలురాయి.

ఇందులో అంత విశేషం ఏముందని మీకు అనిపించవచ్చు. ఒక వాద్యం వేదిక ఎక్కడానికి కావలసింది ఏమిటి? మంచి తయారీదారుడా? గొప్ప విద్వాంసుడా? ఆదరించే శ్రోతలా? ఈ మూడూ ఉండి కూడా మరింబా చాలాకాలం వినోదవాద్యంగానే మిగిలిపోయింది. దానికి లేనిది సొంత సంగీతం. ఆ సంగీతం ఎలా వచ్చిందో, దానికి ముందు ఈ వాద్యం ఎన్ని దేశాలు తిరిగిందో ఈ పాఠంలో చూద్దాం. మరింబాకు చెల్లెలి వంటి వైబ్రాఫోన్ కథ కూడా ఇందులో కలిసే ఉంది.

వాద్యాల పరిచయం

మన నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు తరగతులుగా విభజించింది. తీగలతో మోగేవి తతవాద్యాలు, గాలితో మోగేవి సుషిరవాద్యాలు, చర్మం బిగించినవి అవనద్ధవాద్యాలు, వాద్యం శరీరమే మోగేవి ఘనవాద్యాలు. యూరప్ పండితులు 19వ శతాబ్దంలో తమ వాద్య వర్గీకరణను రూపొందించుకున్నప్పుడు ఈ భారతీయ విభజన వారికి ఆధారమైంది. మరింబా, వైబ్రాఫోన్ రెండూ ఘనవాద్యాలే. మనకు తెలిసిన జలతరంగం, కాష్ఠతరంగం కూడా ఈ కుటుంబానివే.

మరింబా పలకలను రోజ్‌వుడ్ జాతి చేవ కర్రతో చేస్తారు. పియానో మెట్ల మాదిరిగానే వాటిని రెండు వరసల్లో అమరుస్తారు. ప్రతి పలక కింద ఒక లోహపు గొట్టం వేలాడుతుంది. పలకను కొడితే గొట్టంలోని గాలి స్తంభం అనునాదం చెందుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మూసిన గొట్టం గురించి మీరు చదివే సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. గొట్టం పొడవు ధ్వని తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. అయిదు స్థాయిల మరింబాలో అన్నిటికన్నా మంద్ర స్వరం పౌనఃపున్యం సుమారు 65 హెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం అయిదు మీటర్లకు పైమాటే. కాబట్టి దానికి దాదాపు 1.3 మీటర్ల గొట్టం కావాలి. అంత ఎత్తు లేని వాద్యాల్లో గొట్టాన్ని కింద వంచుతారు, లేదా వెడల్పు చేస్తారు.

పలకను ఎక్కడపడితే అక్కడ కట్టకూడదు. దాని పొడవులో రెండు కొసల నుంచి సుమారు 22 శాతం దూరంలో అస్పందన స్థానాలుంటాయి. అక్కడ రంధ్రం చేసి తాడు దూర్చితే కంపనానికి అడ్డు ఉండదు. ఇంకొక రహస్యం పలక అడుగుభాగంలో ఉంది. మందం అంతటా ఒకేలా ఉన్న పలకను కొడితే మొదటి అతిస్వరం మూలస్వరానికి సుమారు 2.76 రెట్లు ఉంటుంది. చెవికి అది పొసగదు. అందుకే తయారీదారులు పలక అడుగును మధ్యలో విల్లులా తొలుస్తారు. అలా తొలిచి మొదటి అతిస్వరాన్ని సరిగ్గా నాలుగు రెట్లకు, అంటే రెండు స్థాయిల పైన అదే స్వరానికి తెస్తారు. మరింబా నాదంలోని నిండుదనం ఇక్కడి నుంచే వస్తుంది.

మన మృదంగం తయారీదారులు ఇదే చిక్కును వేరే దారిలో విప్పారు. మామూలు డోలు చర్మంలో అతిస్వరాలు శ్రుతిలో ఇమడవు. మృదంగం కుడివైపు మూతపై వేసే నల్లని పూత వాటిని శ్రుతిలోకి తెస్తుంది. ఈ విషయాన్ని సర్ సి.వి.రామన్ 1920లోనే శాస్త్రీయంగా వివరించారు. ఒకరు బరువు చేర్చి సాధించినదాన్ని ఇంకొకరు చెక్క తొలిచి సాధించారు.

వైబ్రాఫోన్ పలకలు అల్యూమినియం మిశ్రలోహంతో చేసినవి. మామూలు వాద్యంలో మూడు స్థాయిలు, 37 పలకలు ఉంటాయి. చెక్క నాదం త్వరగా ఆరిపోతుంది, లోహం నాదం చాలాసేపు నిలుస్తుంది. అందుకని దాన్ని ఆపడానికి కాలితో నొక్కే పెడల్ పెట్టారు. గొట్టాల నోటి దగ్గర చిన్న బిళ్లలు మోటారు సాయంతో తిరుగుతుంటాయి. అవి గొట్టాన్ని తెరుస్తూ మూస్తూ నాదాన్ని అలలుగా ఊపుతాయి. వైబ్రాఫోన్ అన్న పేరు అందుకే వచ్చింది. 1950ల తరవాత కొన్ని దశాబ్దాల పాటు భారతీయ సినిమా వాద్యబృందాల్లో ఈ వాద్యం తరచుగా వినబడేది. పాత పాటల్లో గంటలా మోగి, మంచులా కరిగే ఆ నాదాన్ని పేరు తెలియకుండానే మీరు విని ఉంటారు.

ఆఫ్రికా నుంచి గ్వాటెమాలాకు

మరింబా అన్న మాట ఆఫ్రికాలోని బంటూ భాషలది. మొజాంబిక్‌లో చోపీ ప్రజల తింబిలా వాద్యబృందాలు ఈ కుటుంబంలో ప్రసిద్ధమైనవి. 16వ శతాబ్దంలోనే పోర్చుగీసు పాద్రీలు తమ లేఖల్లో వీటి గురించి రాశారు. తింబిలా పలకల కింద లోహపు గొట్టాలుండవు, ఎండిన కాయల బుర్రలుంటాయి. బుర్ర మన వాద్యాలకు కొత్త కాదు. తంబురాకు, వీణకు ఉన్నది అదే. బుర్రకథ పేరులో ఉన్నదీ అదే.

ఆ బుర్రకు చిన్న రంధ్రం చేసి పలచటి పొర అంటిస్తారు. పలకను కొట్టినప్పుడు ఆ పొర అదిరి నాదానికి ఒక జీర తోడవుతుంది. ఆఫ్రికా శ్రోతకు ఆ జీర లేనిదే నాదం పూర్తి కాదు. మన తంబురాలో తీగ కింద నూలుపోగు సర్ది రప్పించే జీరను గుర్తు చేసుకుంటే ఈ అభిరుచి మీకు సులువుగా అర్థమవుతుంది.

బానిస వ్యాపారం లక్షల మంది ఆఫ్రికన్లను అట్లాంటిక్ దాటించింది. వాళ్లు వాద్యాలను మోసుకుపోలేకపోయినా, వాటిని చేసే నేర్పును వెంట తీసుకువెళ్లారు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 1680లో జరిగిన కెథెడ్రల్ ఉత్సవాల వర్ణనలో మరింబా ప్రస్తావన ఉంది. అక్కడి మాయా తెగల ప్రజలు దాన్ని తమదిగా చేసుకున్నారు. 19వ శతాబ్దం చివరిలో గ్వాటెమాలాలోను, దాని పొరుగున ఉన్న మెక్సికో రాష్ట్రం చియాపాస్‌లోను తయారీదారులు వాద్యానికి రెండో వరస పలకలను చేర్చి, పన్నెండు స్వరస్థానాలూ పలికేలా మార్చారు. దాంతో పాశ్చాత్య సంగీతం వాయించడానికి వీలు కలిగింది. 1978లో గ్వాటెమాలా మరింబాను జాతీయ వాద్యంగా ప్రకటించింది.

అమెరికా: ఫ్యాక్టరీ, వినోదం

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో గ్వాటెమాలాకు చెందిన హుర్తాదో కుటుంబం వాయించిన మరింబా అమెరికన్లను ఆకట్టుకుంది. అప్పటికే చికాగోలో జె.సి.డీగన్ సంస్థ ఈ వాద్యాలను ఫ్యాక్టరీలో తయారుచేయడం మొదలుపెట్టింది. బుర్రల స్థానంలో లోహపు గొట్టాలు వచ్చాయి. జీర పలికించే పొర పోయింది. పాశ్చాత్య శ్రోత చెవికి అది దోషంగా తోచింది మరి. వాద్యం శుభ్రపడింది, కాని ఒక అభిరుచి చెరిగిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

అమెరికాలో మరింబా హాస్యనాటికల మధ్య, సర్కస్ విద్యల పక్కన వినబడే వాద్యమైంది. దాన్ని పెద్ద వేదిక ఎక్కించాలని క్లెయిర్ ఒమర్ ముసర్ అనే విద్వాంసుడు 1935లో వందమందితో మరింబా బృందాన్ని కూర్చి యూరప్ తీసుకువెళ్లాడు. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లోనూ వారు వాయించారు. జనం ఆశ్చర్యపోయారు. అయితే ఆ వందమంది వాయించిన వాటిలో ఎక్కువభాగం ఆర్కెస్ట్రా కోసం రాసిన పాత రచనలకు మార్పులు చేసినవే. సంఖ్య పెరిగింది, సొంత సంగీతం మాత్రం రాలేదు.

వైబ్రాఫోన్ పుట్టింది అమెరికాలోనే. ఇండియానాపొలిస్‌లోని లీడీ సంస్థ 1920ల మొదట్లో దీన్ని విపణిలోకి తెచ్చింది. 1927లో డీగన్ సంస్థ ఇంజినీరు హెన్రీ ష్లూటర్ అల్యూమినియం పలకలు, పెడల్ ఉన్న రూపాన్ని తయారుచేశాడు. ఈనాటి వైబ్రాఫోన్‌కు అదే మూలం. 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు ఒకదానిలో లయోనెల్ హాంప్టన్ అనే యువకుడు దీన్ని వాయించాడు. అక్కడి నుంచి జాజ్ సంగీతం వైబ్రాఫోన్‌ను అక్కున చేర్చుకుంది. 1960ల్లో గ్యారీ బర్టన్ చేతికి రెండేసి చొప్పున నాలుగు మ్యాలెట్లతో వాయించే పద్ధతికి కొత్త రూపం ఇచ్చాడు. మ్యాలెట్ అంటే కొసన దారం చుట్టిన గుండు ఉన్న పుల్ల. నాలుగు మ్యాలెట్లు చేతికొచ్చాక ఒక్క మనిషే పాట, దాని తోడు స్వరాలు కూడా పలికించగలిగాడు. ఏకవాద్య కచేరీకి ఇది తప్పనిసరి మెట్టు.

మొదటి రచనలు, వెనక వరసలోని స్త్రీలు

1940లో న్యూయార్క్‌లో పాల్ క్రెస్టన్ రాసిన మరింబా కన్సర్టీనో మొదటిసారి వినబడింది. మరింబాకు ఆర్కెస్ట్రా తోడుగా రాసిన తొలి ప్రసిద్ధ రచన ఇదే. దీన్ని రాయించింది ఫ్రెడరిక్ పెట్రిడెస్ అనే మహిళా నిర్వాహకురాలు. వాయించింది రూత్ స్టూబర్. తోడు వచ్చింది పూర్తిగా స్త్రీలతో నడిచిన ఆర్కెస్ట్రా. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ రోజుల్లో పెద్ద ఆర్కెస్ట్రాల తాళవాద్య విభాగాల్లో స్త్రీలకు చోటు దొరకడం చాలా కష్టంగా ఉండేది. పాతుకుపోయిన వరసలు, పెద్దల పట్టింపులు లేని మరింబా వారికి తలుపు తెరిచింది. తరవాత 1950ల్లో అమెరికాలో మరింబా ఏకవాద్య కచేరీలతో పేరు తెచ్చుకున్న వీడా చెనొవెత్ కూడా స్త్రీయే. ఆమె గ్వాటెమాలా మరింబాల గురించి పరిశోధించి 1964లో పుస్తకం ప్రచురించారు.

1947లో ఫ్రెంచి స్వరకర్త దారియస్ మీయో, జాక్ కానర్ అనే వాద్యకారుడు కోరగా మరింబా, వైబ్రాఫోన్‌ల కన్సర్టో రాశాడు. ఒకే కళాకారుడు రెండు వాద్యాల మధ్య తిరుగుతూ వాయించాలి. చెక్క పలుకు, లోహం పలుకు ఒకదానికొకటి ఎలా జవాబు చెప్పగలవో ఇందులో తేటగా వినబడింది. ఈ రెండు వాద్యాలనూ పక్కపక్కన నిలిపి చేసే నేటి కచేరీలకు ఇది తొలి నమూనా.

అయినా ఇవి అక్కడొకటి, ఇక్కడొకటి. ఒక సాయంత్రం మొత్తానికి సరిపడే సంగీతం ఇంకా పోగుపడలేదు.

టోక్యోలో ఒక అభ్యర్థన

1937లో టోక్యోలో పుట్టిన కేకో అబే చిన్నప్పుడు నేర్చుకున్నది జైలోఫోన్. యుద్ధం ముగిసిన అయిదేళ్లకు, 1950లో లారెన్స్ లాకూర్ అనే అమెరికన్ మెథడిస్టు మతప్రచారకుడి బృందం మరింబాలను జపాన్‌కు తెచ్చింది. జైలోఫోన్ పలుకు పొడిగా, పదునుగా ఉంటుంది. మరింబా మంద్రస్వరాల్లోని లోతు ఆ బాలికను కట్టిపడేసింది.

ఆమె రేడియోలో వాయించారు. 1960ల్లో ముగ్గురు సభ్యుల బృందంతో జనరంజక గీతాల రికార్డులు చేశారు. అవి బాగానే అమ్ముడుపోయాయి. కాని ఈ వాద్యం ఇంతకన్నా లోతైన మాట చెప్పగలదని ఆమె నమ్మకం. ఇక్కడ ఆమె చేసిన పనిని గమనించండి. కష్టమైన పియానో రచనలను మరింబాకు మార్చుకుని పేరు తెచ్చుకోవడం ఒక దారి. ఆమె ఆ దారి పట్టలేదు. తన కాలపు స్వరకర్తల దగ్గరకు వెళ్లి, ఈ వాద్యం కోసం రాయండని అడిగారు. వాళ్లలో చాలామందికి మరింబా సంగతి తెలియదు. ఏ స్వరం ఎంతసేపు నిలుస్తుంది, ఏ దూకుడు చేతికి సాధ్యం, మెత్తని మ్యాలెట్‌కు గట్టి మ్యాలెట్‌కు తేడా ఏమిటి? ఇవన్నీ వాయించి చూపవలసినవే. రచయితకు, వాద్యకారిణికి మధ్య జరిగిన ఆ చర్చల్లోనే కొత్త సంగీతభాష తయారైంది.

ఆ కాలం కూడా ఇందుకు కలిసివచ్చింది. పాశ్చాత్య సంగీతంలో ఆరితేరిన జపాన్ స్వరకర్తలు అప్పుడు తమ సొంత గొంతు కోసం వెతుకుతున్నారు. పియానో కోసం రాస్తే బీథోవెన్, షోపాన్‌ల నీడ పడుతుంది. మరింబా మీద ఏ నీడా లేదు. యూరప్‌దీ కాని, జపాన్‌దీ కాని ఈ వాద్యం ఇద్దరికీ చెందని ఖాళీ నేలలా దొరికింది.

ఆ సాయంత్రం వినబడినవి

1968 కచేరీలోని రచనల్లో కొన్నిటిని చూద్దాం. తొషిమిత్సు తనాకా 1965లో రాసిన రెండు భాగాల రచన ఉరకలేసే లయతో సాగుతుంది. పారిస్‌లో చదువుకున్న అకిరా మియొషి రాసిన 'తోర్స్ 3'లో నాలుగు భాగాలు. వాటి పేర్లకు ప్రతిపాదన, గానం, వ్యాఖ్యానం, సమన్వయం అని అర్థం. ఒక వ్యాసానికి ఉండవలసిన అంగాలన్నీ ఇందులో ఉన్నాయి, చూడండి. మొదట చెప్పినదాన్ని విప్పి, ప్రశ్నించి, చివరికి ఒకచోట చేర్చడం దాని పద్ధతి. వినోదవాద్యం అనిపించుకున్న మరింబా తర్కం కూడా నడపగలదని ఈ రచన నిరూపించింది.

మినొరు మికీ రాసిన 'టైమ్ ఫర్ మరింబా' ఆరు స్వరాల వరస మీద కట్టిన రచన. మికీ కోటో వంటి జపాన్ సంప్రదాయ వాద్యాలకు కొత్త సంగీతం రాయడంలో ప్రసిద్ధుడు. దెబ్బకు దెబ్బకు మధ్య ఉండే ఖాళీకి విలువ తెలిసినవాడు. చెక్క పలుకు ఆరిపోయాక మిగిలే నిశ్శబ్దాన్ని అతడు లోపంగా చూడలేదు, సంగీతంలో భాగం చేశాడు. వీటితో పాటు అకిరా యుయామా రచనలో శాక్సఫోన్, తెరుయుకి నొదా రచనలో మూడు వేణువులు, ఒక కాంట్రాబాస్ మరింబాకు తోడు వచ్చాయి. మరింబా ఒంటరిగా నిలబడగలదు, ఇతరులతో సమంగా మాట్లాడనూగలదు అని ఆ కార్యక్రమం చెప్పింది.

యాభై ఏళ్లు దాటినా తనాకా, మియొషి, మికీల రచనలను ప్రపంచమంతటా సంగీత విద్యార్థులు అభ్యసిస్తూనే ఉన్నారు. ఒక కచేరీ గొప్పదనానికి చప్పట్లకన్నా ఇది నమ్మదగిన కొలత.

తరవాతి కాలం

సంగీతం పెరిగేకొద్దీ వాద్యం కూడా పెరిగింది. 1960ల నుంచి యమహా సంస్థ మరింబా రూపకల్పనలో అబే సలహాలు తీసుకుంది. నాలుగు స్థాయిలు పలికే వాద్యం అంచెలంచెలుగా విస్తరించి, 1980ల్లో అయిదు స్థాయిలకు చేరింది. పలకల సంఖ్య 61 అయింది. అబే స్వయంగా కూడా ఎన్నో రచనలు చేశారు. టోక్యోలోని తోహో సంగీత విద్యాలయంలో తరాల విద్యార్థులను తయారుచేశారు. 1993లో అంతర్జాతీయ తాళవాద్య సంఘం తన గౌరవ జాబితాలో ఆమె పేరు చేర్చింది. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి స్త్రీ ఆమె.

అమెరికాలో లీ హోవర్డ్ స్టీవెన్స్ 1979లో నాలుగు మ్యాలెట్ల అభ్యాసం మీద ప్రచురించిన పుస్తకం విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. 1986లో జాకబ్ డ్రక్‌మన్ నీటి స్వభావం గురించి ఆరు భాగాల మరింబా రచన చేశాడు. వైబ్రాఫోన్‌కు కూడా జాజ్ వెలుపల ఏకవాద్య రచనలు వచ్చాయి. ఇటలీ స్వరకర్త ఫ్రాంకో దొనాతొని 1985లో రాసిన 'ఒమర్' వాటిలో ఒకటి. వయొలిన్ కమానుతో లోహపు పలక అంచును రాయడం, ఒక మ్యాలెట్‌తో కొట్టి ఇంకొకదానితో తాకి నాదాన్ని ఆపడం వంటి పద్ధతులు వైబ్రాఫోన్ వాద్యంలో సాధారణమయ్యాయి. స్కాట్లండ్‌లో 1965లో పుట్టిన ఎవెలిన్ గ్లెనీ పన్నెండేళ్ల వయసుకు వినికిడి చాలావరకు కోల్పోయారు. అయినా కంపనాలను ఒంటితో గ్రహిస్తూ, తాళవాద్య ఏకవాద్య కచేరీలే వృత్తిగా జీవించవచ్చని లోకానికి చూపారు. ఆమె కూడా అబే లాగానే కొత్త రచనలను అడిగి రాయించుకున్నారు.

భారతదేశంతో ముడిపడిన ఒక రచనను ఇక్కడ చెప్పుకోవాలి. జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు మరింబా, ఆర్కెస్ట్రాల కోసం 1974లో రాసిన రచన పేరు 'గీతిమాల్య'. ఇది రవీంద్రనాథ్ ఠాగూర్ 1914లో వెలువరించిన బెంగాలీ గీతసంపుటి పేరు. ఆఫ్రికాలో పుట్టి, గ్వాటెమాలాలో పెరిగి, అమెరికాలో మెరుగులు దిద్దుకున్న వాద్యం కోసం ఒక జపాన్ స్వరకర్త బెంగాలీ కవి మాటను ఎంచుకున్నాడు. సంగీతం ఏ సరిహద్దులు దాటుతుందో ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు. తకెమిత్సు 1981లో రెండు మరింబాలు, ఒక వైబ్రాఫోన్ ప్రధానంగా 'రెయిన్ ట్రీ' రాశాడు. వాన వెలిసిన తరవాత కూడా ఆకుల నుంచి చినుకులు రాలుస్తూ ఉండే చెట్టు అందులోని ఊహ. కెంజబురో ఓయె కథ దానికి ప్రేరణ.

మన సంగీతంతో పోలిక

వాద్యాలు దేశం మారడం మనకు కొత్త కాదు. బాలుస్వామి దీక్షితులు (1786–1858) యూరప్ వయొలిన్‌ను కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినవారిలో ముఖ్యులు. పక్కవాద్యంగా స్థిరపడిన ఆ వయొలిన్‌ను ఏకవాద్యంగా వేదిక మధ్యకు తెచ్చినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) అగ్రగణ్యులు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను చిన్నవయసులోనే కచేరీవాద్యం చేశారు.

కాని ఒక తేడా ఉంది. మన దగ్గర వయొలిన్ గాని మాండొలిన్ గాని రాగానే వాటికి త్యాగరాజ, దీక్షిత, శ్యామశాస్త్రుల కృతులు సిద్ధంగా ఉన్నాయి. గాత్రం అన్ని వాద్యాలకూ తల్లి కాబట్టి, కొత్త వాద్యం ఆ గాత్రాన్ని అనుకరించడం నేర్చుకుంటే చాలు. గమకం పలికితే వాద్యం మనదైపోతుంది. పాశ్చాత్య కచేరీ సంప్రదాయంలో ప్రతి వాద్యానికీ దాని స్వభావానికి తగిన రచనల సంపద వేరుగా ఉండాలి. అందుకే అక్కడ మరింబాకు స్వరకర్త అవసరమయ్యాడు. ఏ దారి గొప్పదన్న ప్రశ్న కాదు ఇది. ఒక దారిలో వాద్యం సంగీతాన్ని వెతుక్కుంటూ వస్తుంది, ఇంకొక దారిలో సంగీతం వాద్యాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

మన కచేరీల్లో మృదంగ విద్వాంసుడికి తని ఆవర్తనం ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు అతడే నాయకుడు. ఆ నిమిషాలు పూర్తి సాయంత్రంగా విస్తరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెనక వరసలో నిలబడిన తాళవాద్యకారులకు 1968 కచేరీ చూపిన దారి అటువంటిది.

'మొదటిది' అన్న మాట

ఇప్పుడు మనం పక్కన పెట్టిన సంగతికి వద్దాం. టోక్యోలో మరింబాకు సొంత సంగీతం వచ్చిందని చెప్పుకున్నాం. అయితే అంతకుముందు దానికి సంగీతమే లేదా? మొజాంబిక్‌లో చోపీ స్వరకర్తలు తింబిలా బృందాల కోసం అనేక భాగాలున్న పెద్ద రచనలు చేస్తూ వచ్చారు. వాటిలో పాట, నాట్యం, ఊరి సంగతుల మీద విమర్శ అన్నీ ఉంటాయి. అవి కాగితం మీద కాక మనుషుల జ్ఞాపకంలో నిలిచాయి. 2005లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. గ్వాటెమాలా ఊళ్లలో పెళ్లికీ పండుగకూ మరింబా మోగుతూనే ఉంది.

కాబట్టి చరిత్ర పుస్తకంలో 'మొదటిసారి' అన్న మాట కనిపించినప్పుడు, ఎవరికి మొదటిసారి అని అడగడం నేర్చుకోండి. 1968 నాటిది పాశ్చాత్య పద్ధతి కచేరీ మందిరానికి మొదటిది. అబే సాధించినదాని విలువ దీనివల్ల తగ్గదు. ఫ్యాక్టరీ తీసివేసిన జీర, బానిస ఓడలు దాటించిన నేర్పు, మాయా పల్లెల ఉత్సవాలు ఆ మెరిసే పలకల వెనక ఉన్నాయని తెలిస్తే మనం ఆ సంగీతాన్ని ఇంకా నిండుగా వినగలం.

ఈ కథలో ఒక కొత్త చిక్కు కూడా వచ్చి చేరింది. మరింబా పలకలకు వాడే మేలురకం రోజ్‌వుడ్ మధ్య అమెరికా అడవుల్లో పెరుగుతుంది. విచ్చలవిడిగా నరకడం వల్ల అది తరిగిపోతోంది. 2017లో రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందకు తెచ్చారు. తయారైన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. కృత్రిమ పదార్థాలతో చేసిన పలకలు కూడా వాడుకలో ఉన్నాయి. వాద్యం బతకాలంటే సంగీతంతో పాటు అడవి కూడా బతకాలి.

వినండి, ఆలోచించండి

మరింబా, వైబ్రాఫోన్ కచేరీ వినే అవకాశం వస్తే మూడు విషయాలు గమనించండి. మొదటిది, నాదం ఆరిపోయే తీరు. చెక్క ఎంత త్వరగా మౌనం వహిస్తుంది, లోహం ఎంతసేపు నిలుస్తుంది? రెండవది, మరింబా మీద దీర్ఘస్వరం కావాలంటే కళాకారుడు రెండు చేతులతో వేగంగా కొడుతూ ఉండాలి. ఆ చినుకుల వంటి దెబ్బలు ఎప్పుడు ఒకే ధారగా మారుతున్నాయో పట్టుకోండి. మూడవది, మ్యాలెట్ మారినప్పుడల్లా అదే స్వరం ఎలా రంగు మారుతుందో వినండి.

మీ ప్రాంతంలోని వాద్యాల గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. డప్పు, జముకు, కిన్నెర వంటివాటికి ఏ సంగీతం ఉంది? దాన్ని ఎవరు జ్ఞాపకం పెట్టుకున్నారు? ఆ వాద్యం కోసం కొత్తగా రాయమని ఎవరైనా అడిగారా? కేకో అబే చేసిన పనిలో మ్యాలెట్లు పట్టిన నేర్పు ఎంత ఉందో, అడగడానికి కావలసిన ధైర్యమూ అంతే ఉంది. ఒక వాద్యం మీద నమ్మకం ఉన్నవారు దాని తరఫున అడగాలి. అడిగితేనే సంగీతం పుడుతుంది.